కీమో ఆగిన చోటి నుంచి

"మందు పనిచేయడం లేదు" అని డాక్టరు చెప్పిన సాయంత్రం ఇంట్లో రెండు మాటలు పోటీపడతాయి. హైదరాబాదులోనో ముంబైలోనో ఇంకా పెద్ద ఆసుపత్రి చూద్దామంటాడు కొడుకు. ఇక ఆయన్ని హింసపెట్టొద్దు, ఇంటికి తెచ్చేద్దామంటారు బంధువులు. రెండు మాటల్లోనూ ఉన్నది ప్రేమే. కానీ స్కాన్‌లో అసలేముందో, ఇంతవరకు ఏ మందు ఎందుకిచ్చారో, మనిషి ఇవాళ ఏ స్థితిలో ఉన్నాడో చూడకుండానే రెండు పక్షాలూ తీర్పు చెప్పేస్తున్నాయి.

పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికో, ఊపిరితిత్తులకో, కడుపు లోపలి పొరకో పాకాక, మొదట ఇచ్చిన కీమో ఏదో ఒక రోజు ఆగిపోవడం చాలామందికి ఎదురయ్యేదే. అక్కణ్ణుంచి దారులున్నాయి. కొన్ని నిజంగానే కాలాన్నిస్తాయి. కొన్ని డబ్బు తీసుకుని అలసట మిగులుస్తాయి. ఏది ఎలాంటిదో తేల్చుకోవాలంటే ప్రతి మలుపులోనూ ఒకటే అడగాలి: దీనివల్ల మాకు ఏం దక్కుతుంది, అందుకు మేం ఏం ఇచ్చుకోవాలి? ఈ ప్రశ్న అడగడానికి చదువు అక్కర్లేదు, కాస్త మొహమాటం వదులుకుంటే చాలు.

ఎలా ఆగిపోయింది?

ముందు తేల్చుకోవలసింది ఇది. మొదటి స్కాన్‌లోనే గడ్డలు పెరిగి కనిపిస్తే అది ఒక కథ. ఆరేడు నెలలు తగ్గి, తర్వాత మళ్లీ పెరిగితే ఇంకో కథ. మందు బాగానే పనిచేస్తున్నా అరచేతులు, అరికాళ్లు మొద్దుబారి, చొక్కా గుండీలు పెట్టుకోలేక ఆపేయాల్సి వస్తే అది వేరే కథ. ఆ మొద్దుబారడం ఆక్సాలిప్లాటిన్ అనే మందు నరాల మీద చూపే ప్రభావం. అలాంటప్పుడు ఆ ఒక్క మందునే తీసేసి మిగతావి కొనసాగించడం రోజూ జరిగే పనే. కీమో పూర్తయి చాలా నెలలు విరామం వచ్చాక జబ్బు తిరగబెడితే, పాత మందే మళ్లీ పనిచేసే అవకాశం ఉంటుంది. ఈ సందర్భాలన్నిటికీ ఇంట్లో ఒకటే మాట వాడతాం, "కీమో ఫెయిలైంది" అని. వైద్యం మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది.

రక్తపరీక్షలో సీఈఏ అనే క్యాన్సర్ సూచిక పెరిగిందని నిద్ర మానుకునేవాళ్లు చాలామంది. ఆక్సాలిప్లాటిన్ మొదలైన తొలి వారాల్లో ఆ అంకె కొందరికి తాత్కాలికంగా ఎగబాకి, తర్వాత దిగుతుంది. ఆ ఒక్క అంకె చూసి మందు మార్చరు. స్కాన్‌లో కొత్త గడ్డ కనిపించాలి, లేదా ఉన్నవాటి కొలతల మొత్తం 20 శాతమైనా పెరగాలి. జబ్బు ముదిరిందని డాక్టర్లు లెక్కవేసే పద్ధతి అది. కాబట్టి పాత స్కాన్ సీడీని పారేయకుండా దాచండి. కొత్త సెంటర్లో కొత్త స్కాన్ తీస్తే, పాతదాన్ని పక్కన పెట్టి పోల్చమని గట్టిగా అడగండి. పోల్చని రిపోర్టుతో మందు మార్చుకోవడం చీకట్లో మందు మింగినట్టే.

పాత బయాప్సీ ముక్కలో దొరికే దారులు

రెండో మందు పేరు అడిగే ముందు అడగవలసింది జబ్బు కణజాలానికి జన్యు పరీక్షలు చేశారా అని. మొదట బయాప్సీ చేసిన ల్యాబులో మైనం దిమ్మలో దాచిన ముక్క ఉంటుంది, దాన్ని బ్లాక్ అంటారు. పరీక్షల కోసం అది మీకు ఇమ్మని రాతపూర్వకంగా అడగవచ్చు. చాలామంది ఈ విషయం తెలియక మళ్లీ సూది పొడిపించుకుంటారు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఎంఎస్ఐ, లేదా దాన్నే ఇంకో పద్ధతిలో చూసే ఎంఎంఆర్ పరీక్ష. చాలా ల్యాబుల్లో దొరికేది, మిగతా జన్యు పరీక్షలతో పోలిస్తే చవక. ముదిరిన పెద్దపేగు క్యాన్సరున్న వందమందిలో నలుగురైదుగురికి మాత్రమే ఇది పాజిటివ్‌గా వస్తుంది. కానీ ఆ నలుగురైదుగురి కథే మారిపోతుంది. వారికి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ ఇచ్చి, మరికొందరికి మామూలు కీమో ఇచ్చి పోల్చిన పెద్ద అధ్యయనం ఆధారంగా 2020లో అమెరికాలో దాన్ని మొదటి మందుగానే ఆమోదించారు. కీమోతో జబ్బు పెరగకుండా ఉన్నది సగటున 8.2 నెలలైతే ఈ మందుతో 16.5 నెలలు. కొందరిలో ఏళ్ల తరబడి జబ్బు కదలకుండా ఉండిపోయింది. మిగతా తొంభై అయిదుమందికి ఇదే మందు ఒంటరిగా ఇస్తే దాదాపు ఏమీ చేయదు. "ఇమ్యునోథెరపీ ఇప్పించండి, ఎంతయినా పెట్టుకుంటాం" అని అడిగేవాళ్లు ముందు ఈ పరీక్ష రిపోర్టు చూపించమని అడగాలి.

తర్వాత రాస్ జన్యువు. దాదాపు సగం మందికి ఇందులో మార్పు ఉంటుంది. మార్పు ఉంటే సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ అనే ఇంజెక్షన్లు పనిచేయవు, కొందరికి హాని కూడా. మార్పు లేకపోతే, అందులోనూ గడ్డ పెద్దపేగు ఎడమవైపు పుట్టి ఉంటే, ఇవి మంచి ఆయుధాలు. ముఖం మీదా ఛాతీ మీదా మొటిమల్లాంటి దద్దుర్లు వస్తాయి, రక్తంలో మెగ్నీషియం పడిపోతుంది. దద్దుర్లకు భయపడి మందు మానేయకండి. అవి వస్తున్నవాళ్లకే మందు బాగా పనిచేస్తోందని చాలా అధ్యయనాల్లో కనిపించింది.

బీరాఫ్ అనే జన్యువులో వి600ఈ మార్పు వందలో ఎనిమిది నుంచి పదిమందికి ఉంటుంది. ఇది మొండి రకం. ఎన్‌కొరాఫెనిబ్, సెటుక్సిమాబ్ కలిపి ఇస్తే కీమో కన్నా మెరుగని 2020 నాటికి తేలింది. హెర్-2 పెరిగి ఉండటం, కేరాస్ జన్యువులో జీ12సీ అనే ప్రత్యేకమైన మార్పు, ఈ రెండూ వందలో ముగ్గురికి చొప్పున కనిపిస్తాయి. వాటికీ గురిచూసి కొట్టే మందులు 2023 నుంచి వచ్చాయి. మన దేశంలో ఏది దొరుకుతుంది, ఎంతకు దొరుకుతుంది అన్నది నెలనెలా మారుతోంది. జన్యు పరీక్ష రిపోర్టులో పేరు కనిపించినంత మాత్రాన మందు చేతికొచ్చినట్టు కాదు. పరీక్షకు డబ్బు కట్టే ముందే అడగండి: ఫలానా మార్పు బయటపడితే ఆ మందు మాకు అందుతుందా? అందదని తెలిస్తే ఖరీదైన పెద్ద ప్యానెల్ కన్నా ఈ నాలుగైదు పరీక్షలు చాలు.

రెండో వరస, మూడో వరస

మొదట ఆక్సాలిప్లాటిన్ ఉండే ఫాల్‌ఫాక్స్ లేదా క్యాపాక్స్ కీమో ఇచ్చి ఉంటే తర్వాతది సాధారణంగా ఫాల్‌ఫిరి, అంటే ఆక్సాలిప్లాటిన్ స్థానంలో ఇరినోటెకాన్. దాంతోపాటు గడ్డకు రక్తనాళాలు పుట్టకుండా చేసే బెవాసిజుమాబ్ కొనసాగిస్తే కాస్త కాలం కలిసొస్తుందని 2012 నాటి అధ్యయనంలో తేలింది: 9.8 నెలలకు బదులు 11.2. ఇప్పుడు మన దేశంలో తయారయ్యే బయోసిమిలర్లు ఉన్నాయి కాబట్టి దాని ధర మునుపటంత భయపెట్టదు. బెవాసిజుమాబ్ తీసుకుంటున్న మనిషి పన్ను పీకించుకున్నా, ఏ ఆపరేషన్ చేయించుకున్నా ముందుగా క్యాన్సర్ డాక్టరుకు చెప్పి తీరాలి. గాయం మానదు. పెద్ద ఆపరేషనుకు కనీసం నాలుగు వారాల ఎడం కావాలి.

ఇవి రెండూ అయిపోయాక మిగిలేవి బిళ్లలు. రెగోరాఫెనిబ్ 2012లో వచ్చింది. ట్రైఫ్లురిడిన్-టిపిరాసిల్ అమెరికాలో 2015లో. ఫ్రుక్వింటినిబ్ ముందు చైనాలో 2018లో, తర్వాత అమెరికాలో 2023లో. వీటి గురించి ఆసుపత్రి కారిడార్లలో వినిపించే మాటలకూ అధ్యయనాల్లో ఉన్న అంకెలకూ చాలా దూరం ఉంది కాబట్టి అంకెలే చెబుతాను. ఉత్తుత్తి బిళ్ల తీసుకున్నవారు సగటున 5 నెలలు బతికితే రెగోరాఫెనిబ్ తీసుకున్నవారు 6.4 నెలలు. రెండో మందుతో 5.3కు బదులు 7.1. ఫ్రుక్వింటినిబ్‌తో 4.8కు బదులు 7.4. ట్రైఫ్లురిడిన్-టిపిరాసిల్‌కు బెవాసిజుమాబ్ జోడిస్తే 7.5 కాస్తా 10.8 అయిందని 2023లో తేలింది. మూడో వరసలో ఇప్పటికి ఇదే గట్టి ఫలితం. ఇక్కడ సగటు అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ, సగం మంది అంతకన్నా తక్కువ అని. మీ ఇంటి మనిషి ఏ సగంలో ఉంటాడో ముందుగా ఎవరూ చెప్పలేరు.

ఈ అంకెల వెనక ఒక షరతుంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. ఈ అధ్యయనాల్లోకి తీసుకున్నది తమ పనులు తాము చేసుకుంటూ, నడుస్తూ తిరుగుతున్నవారిని మాత్రమే. మెలకువగా ఉన్న సమయంలో సగానికి మించి మంచం మీదే గడుపుతున్న మనిషికి ఈ అంకెలు వర్తించవు. అలాంటివారికి ఈ మందులు కాలం కలపకపోగా ఉన్న శక్తిని లాగేస్తాయి. 2015లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ఇంకో మెట్టు ముందుకెళ్లింది. చివరి నెలల్లో కీమో తీసుకున్నవారిలో, అప్పటిదాకా బాగానే తిరుగుతున్నవాళ్లకు సైతం ఆఖరి వారం మరింత దుర్భరంగా గడిచిందని తేల్చింది. అందుకే ఈ దశలో ఏ మందు మొదలుపెట్టినా రెండు నెలల గడువు పెట్టుకోండి. స్కాన్ చూశాక పెరుగుదల ఆగలేదంటే ఆపేస్తామని మొదటి బిళ్ల మింగకముందే డాక్టరుతో అనుకోండి. మొదలుపెట్టడం సులువు. ఆపడమే ఎవరి నోటా రాదు.

రెగోరాఫెనిబ్ పూర్తి మోతాదు 160 మిల్లీగ్రాములు. మొదటి వారం 80తో మొదలుపెట్టి వారానికి 40 చొప్పున పెంచితే మనిషి బాగా తట్టుకుంటాడని, ఫలితం తగ్గదని తేలింది. మీ డాక్టరు ఏకంగా 160 రాస్తే, మెల్లగా పెంచవచ్చా అని అడగడం తప్పు కాదు. అరికాళ్లు ఎర్రబడి పగలకుండా మొదటి రోజు నుంచే యూరియా ఉన్న క్రీము రాయాలి, గట్టి చెప్పులు మానాలి, వేడి నీళ్లు కాళ్ల మీద పోసుకోకూడదు. క్యాపెసిటబిన్ బిళ్లలతో వచ్చే ఇలాంటి ఇబ్బందికి మాత్రం ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు మందుల షాపులో దొరికే డైక్లోఫెనాక్ జెల్‌ను పరీక్షించారు. రాసుకున్నవారిలో వందకు నలుగురికే సమస్య ముదిరితే, రాసుకోనివారిలో వందకు పదిహేనుమందికి ముదిరింది. కోట్లు పోసి కనిపెట్టే మందుల మధ్య ఇలాంటి చవకైన చిట్కా చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

జబ్బు కాలేయంలో మాత్రమే ఉంటే లెక్క వేరు. గడ్డలు కొన్నే ఉండి, కోయడానికి వీలుగా ఉంటే ఆపరేషన్ తర్వాత అయిదేళ్లు దాటేవారు చాలామందే ఉన్నారు. కాలేయ శస్త్రచికిత్స రోజూ చేసే సర్జను చూడకుండా "ఆపరేషనుకు వీలు కాదు" అన్న మాటను తుది మాటగా తీసుకోకండి. చిన్న గడ్డల్ని సూదితో కాల్చే అబ్లేషన్, గురిపెట్టి ఇచ్చే రేడియేషన్, కాలేయ ధమని గుండా రేడియోధార్మిక పూసలు పంపడం కూడా కొందరికి పనికొస్తాయి. 2024లో ఫ్రాన్స్ వైద్యుల ఆధ్వర్యంలో వచ్చిన ఫలితాల్లో, జాగ్రత్తగా ఎంచిన రోగులకు కీమోతోపాటు కాలేయ మార్పిడి చేస్తే అయిదేళ్లు బతికినవారు 57 శాతం, కీమో ఒక్కటే ఇస్తే 13 శాతం. ఆ ఎంపికలో నెగ్గేవాళ్లు చాలా కొద్దిమంది. కడుపు పొరకు పాకినప్పుడు వేడి కీమో ద్రవంతో కడగడం గురించి హోర్డింగులు చూసే ఉంటారు. గడ్డల్ని పూర్తిగా తీసేసే ఆపరేషన్ మేలు చేస్తుంది గానీ, ఫ్రాన్స్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలో ఆక్సాలిప్లాటిన్‌తో వేడిగా కడగడం దానికి అదనంగా ఒక్క నెల కూడా కలపలేదు.

కొత్త మందుల ప్రయోగాల్లో చేరాలనుకుంటే దేశంలో జరిగేవన్నీ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో నమోదై ఉంటాయి. నిజమైన క్లినికల్ ట్రయల్‌లో పరిశోధన మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు. లక్షలు కట్టమని "ట్రయల్" అంటున్నారంటే లేచి వచ్చేయండి.

గడ్డ కన్నా ముందు కూలదోసేవి

ఈ దశలో మనుషులు గడ్డ పెరగడం వల్లే పోతారని అనుకుంటాం. చాలాసార్లు అంతకన్నా ముందే ఏదో ఒక చిక్కు వచ్చి కూలదోస్తుంది. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది, వేళకు చేరుకుంటే. నా దృష్టిలో కుటుంబం అన్నిటికన్నా శ్రద్ధగా నేర్చుకోవలసింది ఇదే.

మొదటిది జ్వరం. కీమో నడుస్తుండగా 100.4 డిగ్రీలు దాటిందంటే అది అత్యవసరం. మన ఇళ్లలో అలవాటు డోలో వేసి, తెల్లారాక చూద్దామనడం. తెల్లకణాలు పడిపోయిన ఒంట్లో ఇన్‌ఫెక్షన్ తెల్లారేదాకా ఆగదు. ఆసుపత్రికి చేరిన గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలి. దగ్గర్లోని ఆసుపత్రికైనా సరే వెళ్లి, "కీమో తీసుకుంటున్న మనిషి, తెల్లకణాలు చూడండి" అనే మాటతో మొదలుపెట్టండి.

ఇరినోటెకాన్ ఎక్కించి ఒక రోజు దాటాక ఎప్పుడైనా మొదలయ్యే విరేచనాలు ఇంకో ప్రమాదం. లోపెరమైడ్ ఎన్ని బిళ్లలు, ఎన్ని గంటలకోసారి అన్నది మందు ఎక్కించే రోజే చీటీ మీద రాయించుకోవాలి. మామూలు విరేచనాలకు వేసే మోతాదు దీనికి చాలదు. ఓఆర్ఎస్ తాగుతూ ఉన్నా ఒక రోజులో ఆగకపోతే, మూత్రం తగ్గితే, జ్వరం తోడైతే చేర్చేయాలి.

పేగు మూసుకుపోవడం ఈ జబ్బుకు ప్రత్యేకమైన చిక్కు. కడుపు ఉబ్బి మెలిపెట్టే నొప్పి, వాంతులు, మలం గానీ గాలి గానీ కదలకపోవడం దాని గుర్తులు. ఈ స్థితిలో విరేచనం కావడానికి గట్టి మందులు ఇవ్వకండి, పేగు చిరగవచ్చు. ఎడమవైపు ఒక్కచోటే మూసుకుపోతే స్టెంట్ వేసి తెరవవచ్చు, లేదా పొట్ట మీద సంచి పెట్టే కొలాస్టమీ చేయవచ్చు. సంచి అంటే హడలిపోతారు గానీ, దాంతో ఇంటికి వచ్చి అన్నం తిన్నవాళ్లు ఆ హడలు నాలుగు రోజుల్లో మర్చిపోతారు. బెవాసిజుమాబ్ తీసుకుంటున్నవారిలో స్టెంట్ పేగును చిల్లు చేసే ముప్పు ఎక్కువ, ఆ మందు సంగతి ముందే చెప్పాలి. కడుపు పొర మీద గడ్డలు పరచుకుని పేగును నాలుగైదు చోట్ల నొక్కుతుంటే కత్తి పెట్టినా ఫలితం ఉండదు. అప్పుడు ఆక్ట్రియోటైడ్, డెక్సామెథాసోన్ లాంటి మందులతో వాంతుల్ని, నొప్పిని అదుపు చేస్తారు. అది చేతులెత్తేయడం అనుకోకండి. మళ్లీ గుక్కెడు మజ్జిగ తాగగలిగేలా చేయడం కూడా వైద్యమే.

పేగు సన్నబడిందని స్కాన్‌లో చెబితే తిండి మార్చాలి. మునక్కాడల తొక్కులు, తోటకూర కాడలు, పనస తొనలు, జామ గింజలు, పుచ్చకాయతోపాటు మింగేసే గింజలు, పీచు ముదిరిన చిక్కుళ్లు పక్కన పెట్టండి. మెత్తటి పెరుగన్నం, బాగా ఉడికిన పెసరకట్టు, వడకట్టిన చారు, గుడ్డు, కాస్త కాస్తగా ఎక్కువసార్లు పెట్టండి. పీచు తింటే ఆరోగ్యం అన్న సలహా ఈ మనిషికి కాదు.

ఒక కాలు మాత్రమే వాచి నొప్పిపుడితే నరంలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. హఠాత్తుగా ఆయాసం వస్తే ఆ గడ్డ ఊపిరితిత్తికి చేరి ఉండవచ్చు. కళ్లు పచ్చబడి ఒళ్లంతా దురద పెట్టడానికి కారణం పిత్తనాళం మూసుకుపోవడమైతే స్టెంట్‌తో తెరవవచ్చు. కాలేయమే నిండిపోయి వచ్చిన కామెర్లకు స్టెంట్ పనిచేయదు. ఈ తేడాను అల్ట్రాసౌండ్ చాలావరకు చెప్పేస్తుంది. పసరు వైద్యానికి తీసుకెళ్లే లోపు ఆ పని చేయండి. కడుపులో నీరు చేరితే తీయించుకోవచ్చు, తీసిన పూటే ఊపిరి తేలికవుతుంది. మలంలో నల్లటి తారులాంటి రంగు, కాలుతున్నట్టు కొత్తగా వచ్చే వెన్నునొప్పి, మూత్రం రాకపోవడం, వీటిని కూడా ఫోన్ చేసి చెప్పాల్సిన జాబితాలో రాసుకోండి.

లక్ష్మణ ఫలం ఆకుల కషాయం, విటమిన్ బి17 అని అమ్మే ఆప్రికాట్ గింజల గురించి వాట్సాప్‌లో వచ్చేవి మీకూ వచ్చే ఉంటాయి. ఆ గింజల్లో ఉన్న పదార్థం ఒంట్లో సైనైడ్‌ను విడుదల చేస్తుంది. వద్దు. ఇంకేదైనా వాడాలని మనసు లాగితే డాక్టరుకు చెప్పి వాడండి, దాచి మాత్రం వాడకండి.

నొప్పి, మార్ఫిన్, ఇంకా ఆయనకు చెప్పడం

ఉపశమన వైద్యం అంటే చివరి వారం చేసేదని మన నమ్మకం. 2010లో అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులకు మొదటి నుంచే కీమోతోపాటు ఉపశమన వైద్యం అందించి చూశారు. వాళ్లు తక్కువ కీమోతో, మెరుగైన మనసుతో ఉండటమే గాక, 8.9 నెలలకు బదులు 11.6 నెలలు బతికారు. అది వేరే క్యాన్సరు, అంకె ఇక్కడికి అలాగే తేలేం. కానీ నొప్పి, వాంతులు, నిద్ర, దిగులు చూసుకునే డాక్టరు తోడుంటే మనిషి త్వరగా పోతాడన్న భయానికి ఆధారం లేదని మాత్రం తెలిసింది.

నోటితో మింగే మార్ఫిన్ ఈ నొప్పికి అసలైన మందు. "అది వేస్తే అలవాటైపోతుంది, అది చివరిదే" అని పక్కన పెట్టి నెలలపాటు మూలిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నొప్పికి సరిపడా మోతాదులో డాక్టరు పర్యవేక్షణలో తీసుకుంటే వ్యసనం కావడం అరుదు. దాంతో ఖాయంగా వచ్చేది మలబద్ధకం, దానికి మొదటి రోజు నుంచే తోడుగా మందు ఇవ్వాలి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు దీన్ని నిల్వ ఉంచుకోవడం సులువైంది. హైదరాబాదులో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్ డబ్బు తీసుకోకుండా చూస్తుంది. తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లో "ఆలన" పేరుతో కేంద్రాలు వచ్చాయి. ఉత్తరాంధ్ర వాళ్లు విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో విచారించుకోవచ్చు. ఏ మందు ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో ఆరోగ్యశ్రీ, వైద్యసేవ కౌంటర్లలోని ఆరోగ్యమిత్రను అడిగి, చేర్చకముందే తెలుసుకోండి. మూడో వరస బిళ్ల కోసం పొలం బేరం పెట్టే ముందు ఆ 6.4 నెలలకూ 5 నెలలకూ ఉన్న తేడాను కుటుంబమంతా కూర్చుని చూడాలి. చూశాక కూడా అమ్మాలనుకుంటే అది మీ ఇష్టం. చూడకుండా అమ్మితే మాత్రం తర్వాత పిల్లల చదువు ఆగినప్పుడు ఆ లెక్క వేరేలా కనిపిస్తుంది.

ఇక అన్నిటికన్నా బరువైనది. "నాన్నకు మాత్రం చెప్పకండి, తట్టుకోలేడు" అని కొడుకు డాక్టరును తలుపు దగ్గర ఆపి బతిమాలతాడు. లోపల నాన్న, "వాడికి చెప్పకండి, వాడు చిన్నవాడు" అని అప్పటికే అడిగి ఉంటాడు. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుతూ, పక్కపక్కనే ఒంటరిగా ఉంటారు. అందులో నష్టం మనసుకే కాదు. తనకేమవుతోందో తెలియని మనిషి, మందు వల్ల ఏం దక్కుతుంది అన్న ప్రశ్నకు తన జవాబు చెప్పలేడు. ఆ జవాబు ఆయనదే అయ్యుండాలి. ఒకరికి మనవరాలి ఓణీల ఫంక్షన్ దాకా ఉండటం ముఖ్యం, అందుకు కీమో వాంతులు భరిస్తారు. మరొకరికి సొంతూళ్లో అరుగు మీద కూర్చోవడం ముఖ్యం, ఆసుపత్రి గడప తొక్కనంటారు. మీరు ఊహించి నిర్ణయిస్తే రెండూ తప్పే అవ్వొచ్చు.

చెప్పడం ఎలాగంటే, అంతా ఒకే రోజు గుమ్మరించక్కర్లేదు. "నాన్నా, జబ్బు గురించి డాక్టరు ఏమన్నారో తెలుసుకోవాలని ఉందా, లేక నన్ను చూసుకోమంటావా?" అని అడగండి. వద్దంటే ఆ మాట గౌరవించండి. అవునంటే, "మందుకు లొంగడం లేదు నాన్నా. ఇంకో మందుంది, అది తగ్గించదు, కొన్నాళ్లు ఆపుతుందేమో. నీకేం కావాలో నువ్వు చెప్పు" అనే అంత చాలు. నెలలు, రోజులు ఆయన అడిగితేనే చెప్పండి. "అబ్బే, ఏం కాదు, తగ్గిపోతుంది" అన్న మాట వద్దు. దాంతో ఆయన నోరు మూసేస్తారు, ఆ తర్వాత మిమ్మల్ని ఏమీ అడగరు.

వెంటిలేటరు మీద పెట్టాలా వద్దా అన్నది మనిషి మాట్లాడగలిగినప్పుడే అడగాలి. ముందస్తు వైద్య నిర్దేశానికి 2018లో సుప్రీంకోర్టు చట్టబద్ధత ఇచ్చింది, 2023లో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ చేత గానీ గెజిటెడ్ అధికారి చేత గానీ ధ్రువీకరిస్తే సరిపోతుంది. అదే వారంలో బ్యాంకు నామినీ, పింఛను కాగితాలు, బీమా పాలసీ ఎక్కడున్నాయో కూడా చూసుకోండి.

ఒక నోటు పుస్తకం పెట్టండి. మొదటి పేజీలో జబ్బు పేరు, జన్యు పరీక్ష ఫలితాలు, ఇంతవరకు ఇచ్చిన మందులు, ఏ తేదీన ఎందుకు ఆపారో. రెండో పేజీలో రోజూ తీసుకునే మందులు, పడని మందులు. అట్ట లోపలి వైపు మూడు ఫోన్ నంబర్లు: క్యాన్సర్ డాక్టరు, ఉపశమన వైద్యం చూసే డాక్టరు, రాత్రి పన్నెండు గంటలకైనా ఫోనెత్తే దగ్గరి ఆసుపత్రి. పక్కనే, 100.4 దాటితే ఎక్కడికి, కడుపు ఉబ్బితే ఎక్కడికి అని పెద్ద అక్షరాల్లో రాయండి. అర్ధరాత్రి బండి తోలేది మీరు కాకపోవచ్చు, తమ్ముడో పక్కింటి కుర్రాడో కావచ్చు, వాళ్లూ చదవగలిగేలా ఉండాలి.